వేలితో పోయే మరక

షౌకత్ నీళ్ల మిషన్ వాల్వు తల విప్పి, లోపలి రబ్బరు వాషర్లను తీసిన వరుసలోనే తుండుగుడ్డ మీద పేర్చాడు. ఒక కన్ను మూసి, ఉప్పునీళ్లు పీల్చే సన్నని బెజ్జంలోంచి ఆకాశం వైపు చూశాడు. వెలుతురు కనిపించింది. బెజ్జం పూడలేదు. అయినా చొక్కా జేబుకు గుచ్చుకున్న సూది తీసి ఓసారి పొడిచి చూశాడు.

"దొరికిందా అన్నా రోగం?" అంది చెన్నమ్మ, పెరటి మెట్టు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ.

"దొరుకుద్దిలే చెల్లెమ్మా. మిషన్ ఎక్కడికి పోద్ది?"

కారంపూడి చుట్టుపట్ల బోరు నీళ్లంటే నాపరాయిని కరిగించి తోడినట్టే ఉంటాయి. సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు, కుళాయి మూతికి తెల్లని పెచ్చు కడుతుంది. బోరు పక్కన నిలబెట్టిన ఆ నీలం ట్యాంకు లోపల ఆవగింజలంత గుళికలు నీళ్లలోని సున్నాన్ని పట్టి ఉంచుతాయి. అప్పుడప్పుడూ ఉప్పునీళ్లతో కడిగితే పట్టిన సున్నాన్ని కాలవలోకి వదిలేసి మళ్లీ పనికొస్తాయి. షౌకత్ తన చేత్తో బిగించిన మొదటి మిషన్ అదే. దాన్ని చూసే ఆ వీధిలో మిగతావాళ్లు పెట్టించుకున్నారు. ఇప్పుడు అందులోంచి మళ్లీ బోరు నీళ్లు బోరు నీళ్లలాగే వస్తున్నాయి. చెన్నమ్మ కొడుకు పవన్ గుంటూరులో కొత్త మిషన్ మాట్లాడి పెట్టాడు. రేపు మనుషులొచ్చి పాతది పీకేస్తారు. ఇది పోతే వీధిలో మిగతావీ ఒకటొకటిగా పోతాయని, వాటితోపాటే తన పేరూ పోతుందని షౌకత్‌కి తెలుసు. అయినా అతని చేతిలో పానా తొందరపడలేదు.

మామూలు రోజయితే ఇంతసేపు పట్టేది కాదు. షౌకత్‌కి నాలికే పరికరం. కుర్రతనంలో పంచాయతీ చేతిపంపులు బాగుచేస్తూ ఊరూరి నీళ్లు రుచి చూశాడు. కళ్లు మూసుకుని ఒక గుక్క తాగి, ఇది దుర్గి, ఇది నడికుడి అని చెప్పేవాడు. ఎవరింటికి వెళ్లినా సంచిలోంచి సొంత స్టీలు గ్లాసు తీసేవాడు. ఒకప్పుడు కొన్ని ఇళ్లలో అతనికి ఏ గ్లాసు ఇవ్వాలా అని ఆడవాళ్లు లోపలికీ బయటికీ తిరిగేవారు. ఆ తిరుగుడు చూడటం ఇష్టంలేక సొంత గ్లాసు పెట్టుకున్నాడు. తర్వాత ఆ ఇళ్లు మారాయి గానీ గ్లాసు మారలేదు. దాని అంచు కింద భార్య పేరు చుక్కలతో చెక్కి ఉంటుంది: బషీరున్నీసా.

ఇవాళ ఆ గ్లాసు సంచిలోనే ఉంది. రంజాన్ నెల. తెల్లవారకముందు సహరి అన్నం వడ్డిస్తూ బషీరున్నీసా అననే అంది: "గుండె మాత్రలు మింగేవాడివి, ఒక్కపొద్దులు వద్దని డాక్టరు చెప్పలా? ఎవరి మాటా వినవేంది?"

"నీ మాట వినే గదా ఇంత కూర తింటున్నా."

వాల్వు తిరిగి బిగించి, పిడిని ఉప్పు గుర్తు దగ్గరకు తిప్పాడు. కాలవ గొట్టంలోంచి సన్నగా ధార మొదలైంది. ఇప్పుడు ఆ ధార కటిక ఉప్పగా ఉండాలి. ఒక్క చుక్క నాలిక మీద వేసుకుంటే తేలిపోతుంది. షౌకత్ ధార వైపు చూశాడు, తర్వాత చెన్నమ్మ వైపు చూశాడు.

"చెల్లెమ్మా, ఇట్టా రా. ఇవాళ నీ నాలిక అప్పియ్యాలి."

"ఆ కాలవ నీళ్లా? నేనా?"

"ఒక్కపొద్దులో ఉన్నా. వేలు ముంచి చూసి ఊసెయ్యి."

వసారాలో మంచం మీద పడుకున్న శేషగిరిరావు తలెత్తాడు. "చూడవే చూడు. నా కూరలో ఉప్పు చూట్టం మానేసినావుగా, నాలిక ఖాళీగానే ఉందిలే." ఆయనకు బీపీ వచ్చినప్పటి నుంచి భార్య మీద ఇదే ఎత్తిపొడుపు.

చెన్నమ్మ మొగుడివైపు ఓ చూపు చూసి, వేలు ముంచి నాలికకు తగిలించి తుపుక్కున ఊసింది. "ఉప్పేదన్నా? మన బోరు నీళ్లే."

షౌకత్ ఉప్పు డ్రమ్ము మూత తీశాడు. పొద్దున కూడా తీసి చూశాడు. తెల్లగా, నిండుగా ఉందని మూసేశాడు. నిండుగా ఉన్న డ్రమ్ములోంచి ఉప్పు రాకపోవడమేంది? పానా పిడితో డ్రమ్ము పక్కన తట్టాడు. పైన దబ్‌మంది. కిందికి జరుగుతూ తట్టాడు. నడుమకు వచ్చేసరికి బోలుగా మోగింది.

అతని మొహం విచ్చుకుంది.

కర్రతో ఆ తెల్లదనాన్ని గట్టిగా పొడిచాడు. పెళ్లలా విరిగి లోపలికి కూలింది. అడుగున నీళ్లున్నాయి, వాటికి ఉప్పు తగలడం లేదు. పైన గడ్డకట్టిన ఉప్పు గాల్లో కప్పులా నిలబడి ఉంది. "తెరిచి చూసి ఎట్టా మోసపోయా" అని తనను తానే తిట్టుకుంటూ ఒక ముక్క తీసి నలిపాడు. పిండిలాంటి మెత్తని పొడి.

"ఏం ఉప్పు పోశావమ్మా ఇందులో?"

"బీపీ ఉప్పన్నా. ప్యాకెట్లది."

"మిషన్‌కా?"

"డాక్టరు ఇంట్లో ఉప్పు మొత్తం మార్చమన్నాడు. ఇదీ ఇంట్లో ఉప్పేగా! నీళ్లల్లో కలిసి ఈయనకెక్కడ ఎక్కుద్దోనని..." ఆమె గొంతు తగ్గిపోయింది.

షౌకత్ నవ్వు ఆపుకోలేక బోరు గట్టు పట్టుకున్నాడు. "బీపీ బావకా, మిషన్‌కా తల్లీ?" ఆమె మొహం చూసి నవ్వు తగ్గించాడు. "భయపడితే పడ్డావులే. తాగేది వంటింటి ఫిల్టరు నీళ్లేగా, అది ఉప్పును ఆపేసిద్ది. దీనికి మాత్రం కల్లుప్పే కావాల. పొడి పోస్తే గడ్డకట్టిద్ది."

ఆవకాయకని దాచిన కల్లుప్పు సంచి చెన్నమ్మే మోసుకొచ్చింది. తెల్లని పలుకులు గలగలా డ్రమ్ములో పడుతుంటే శేషగిరిరావు మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఏమే, మిషన్‌కి బస్తాడు, నాకు చిటికెడు కూడా లేదా?"

"మిషన్ మారు మాట్లాడకుండా పని చేసిద్ది," అంది చెన్నమ్మ.

ఉప్పు కరిగేదాకా ఆగాలి. షౌకత్ కాళ్లూ చేతులూ కడుక్కుని వసారా చివర నమాజు చేసుకున్నాడు. లేచేటప్పుడు గోడకు చెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. ఏమైందని చెన్నమ్మ అడిగితే, ఎండని చెప్పాడు.

మిషన్‌ని ఉప్పునీళ్లతో కడిగి, ఆ ఉప్పు పోయేదాకా మళ్లీ మామూలు నీళ్లతో కడిగేసరికి ఎండ గోడ దాటింది. సీసాలో నీళ్లు పట్టి సబ్బు ముక్క వేసి ఊపాడు. నురగ మూతిదాకా లేచి కదలకుండా నిలబడింది. చెన్నమ్మ సీసా తీసుకెళ్లి మొగుడికి చూపించింది. పవన్‌కి ఫోన్ చేసి షౌకత్ చేతికిచ్చింది.

"ఇయ్యాల నురగొచ్చిద్ది షౌకత్ మావా, రేపు పెచ్చు కట్టిద్ది," అన్నాడు పవన్.

"అది రేపే చూద్దువుగాని నాయనా. ఒక్కరోజు ఆపు నీ మనుషుల్ని."

షౌకత్ సంచిలోంచి గ్లాసు తీశాడు. మిషన్ కుళాయి తిప్పి, అడుగున ఒక గుక్కెడు నీళ్లు పట్టి, గట్టు మీద ఎండ తగిలేచోట పెట్టాడు.

"ఇది ఆరనీ చెల్లెమ్మా. మరక ఎట్టాగూ పడిద్ది. వేలితో తుడిస్తే పోయిందా, మిషన్ బతికినట్టే. గోటితో గీరినా పోకపోతే నేనే వచ్చి పీకి ఇస్తా."

"రుచి చూడకుండానే పోతన్నావే, ఎప్పుడూ లేంది."

"పండగ మర్నాడు వస్తా. ఆ గ్లాసుతోనే తాగుతా, తీసి పెట్టు."

స్కూటరు వీధి మలుపు తిరిగేదాకా అతను వెనక్కి చూడలేదు. పని మీద నమ్మకమున్నవాడు చూడడు.

మర్నాడు పొద్దున అతని కోడలు హీనా ఫోన్ చేసింది. సహరికి లేపబోతే లేవలేదట. పక్కన నీళ్ల చెంబు మీద పెట్టిన మూత పెట్టినట్టే ఉందట.

చెన్నమ్మ బస్సెక్కి వెళ్లింది. బషీరున్నీసా చేతులు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే గట్టు మీద గ్లాసు కనిపించింది. నీళ్లు ఆరిపోయాయి. అడుగున సన్నని తెల్లని గీత గుండ్రంగా పడి ఉంది.

ఆమె గోరు ఆనించలేదు. చూపుడువేలు లోపలికి పెట్టి నెమ్మదిగా ఒక్క చుట్టు తిప్పింది.

వసారాలోకి వచ్చి పవన్‌కి ఫోన్ చేసింది. "నీ మనుషుల్ని రావద్దని చెప్పు," అంది. ఎందుకని అతను అడిగేలోపే పెట్టేసింది.

తర్వాత కుళాయి తిప్పి గ్లాసు నిండా నీళ్లు పట్టి గట్టు మీద పెట్టింది. నిలకడగా నిండిన నీటి అంచు కింద, చుక్కల్లో చెక్కిన బషీరున్నీసా పేరు తడిసి ఎండకు మెరుస్తోంది.