మాటల పెట్టె

పిండిమర పక్కన పెరిగినవాడికి చెవులు దక్కవు. పెళ్లినాటికే నా ఎడమ చెవి పోయింది, కుడిది సగం మిగిలింది. ఆ సగం పక్కన మా ఆవిడ కూర్చునేది. సినిమాహాల్లో తెర మీదివాళ్లు ఏమన్నారో విని, నా చెవిలో చెప్పేది. వెనకవాళ్లు విసుక్కునేవాళ్లు. "ఒక టిక్కెట్టుకి రెండు ఆటలు మాకొద్దమ్మా" అన్నాడొకాయన. ఆమె చిన్నబుచ్చుకుంది. అంతే, హాలు ముఖం చూసి ఆరేళ్లయింది.

ఈమధ్య మరని తమ్ముడికి అప్పగించాక, హోమ్ థియేటర్ కొందామన్నాను. ఇంట్లో అయితే వెనక సీట్లుండవు, ఎంతసేపైనా చెప్పుకోవచ్చు. అదీ నా లెక్క. ఆమెతో మాత్రం కాలక్షేపానికన్నాను.

కొనడంలో నాకో పద్ధతుంది. అమ్మేవాడు పొగిడింది వదిలేసి, దాటేసింది అడుగుతాను. స్పీకర్ల కొట్టాయన తల పండిన మనిషి. మమ్మల్ని చిన్న గదిలో సోఫా మీద కూర్చోబెట్టాడు. ఎదురుగా తెర, ముందు రెండు స్పీకర్లు, వెనక రెండు, మూల ఓ పెద్ద డబ్బా.

"మూలది దేనికి?"

"గుండె అదరడానికి సార్."

"ఈ వయసులో అదరకపోతేనే మేలు. వెనకవి?"

"వాన మన వెనకే కురిసినట్టుంటుంది."

"మరి తెర కింద అడ్డంగా పడుకుందే, దాని సంగతి చెప్పలేదు?"

"అది చూడ్డానికి పొట్టిది గానీ, మాటలన్నీ అందులోంచే సార్."

"అది వద్దులెండి" అంది మా ఆవిడ. కొట్లో అడుగుపెట్టాక నోరు విప్పడం అదే మొదలు.

"మాటల పెట్టె తీసేస్తే పెళ్లికొడుకు లేని పెళ్లే. అసలు సరుకు వదిలేసి కొసరు కొంటామా?" అన్నాను. వ్యాపారి బుద్ధి.

మాకు పెళ్లైన ఏడాది చూసిన సినిమా ఒకటుంది. కొట్టాయన దాన్ని వెతికి పెట్టాడు. నాకిష్టమైన సీను అడిగాను. మొగుడు గడపలో చెప్పులు విప్పుతూ పెళ్లాంతో, "ఆదివారం కొట్టు తెరవను. ఇంట్లోనే ఉంటా" అంటాడు. ఆ రోజుల్లో నవ్వాను, వీడు వ్యాపారం చేసినట్టే అని. సినిమా అంతటా వాడి కొట్టు ఒక్కసారీ చూపించలేదేమని అడిగితే, "సినిమా కదండీ" అంది మా ఆవిడ.

సీను వచ్చింది. మాటలు చేత్తో తీసి చెవిలో పెట్టినంత స్పష్టంగా ఉన్నాయి. మొగుడు చెప్పులు విప్పుతూ, "మీ చెల్లెలు ఉత్తరం రాసిందా?" అన్నాడు. "ఆఫీసులో ఆలస్యమైంది" అన్నాడు. వాడు గుమాస్తాట. వాడికి కొట్టే లేదు.

"ఆదివారం కొట్టు తెరవనంటాడు కదే?"

ఆమె తెర వైపే చూస్తూ, "అనలేదు" అంది.

"మరి నువ్వలా చెప్పావే?"

"వాడు అన్నాడంటే మీరూ అంటారేమోనని."

ఆదివారాలు కూడా మర నడిపినవాణ్ణి నేను. ఇంకో సినిమాలో ఒకావిడ సముద్రం చూడాలంది, దానికీ నవ్వాను. మరోదాంట్లో పెళ్లాం నీలం చీర బాగుందన్నవాణ్ణి పనిలేనివాడన్నాను. ఏవి వాళ్ల మాటలు, ఏవి ఈమెవి? తూకం రాయి పోగొట్టుకున్నవాడిలా కూర్చున్నాను. దాటేసింది అడిగి కొనే మనిషిని, పక్క సీటుని ఒక్కసారీ అడగలేదు.

"ఇంకా ఏవి నీవి?"

"ఎన్నని గుర్తుంటాయండీ. చెప్పినప్పుడు చెప్పాను."

కొట్టాయన తలుపు దగ్గర నిలబడి, "మధ్యది ఉంచమంటారా?" అన్నాడు.

"ఉంచండి. ఆయనకి బాగా వినిపిస్తోంది" అంది. వద్దన్న మనిషే. ఇక తనతో పనిలేదన్నట్టుంది ఆ గొంతు.

"దాని వైరు పీకి, అదే సీను మళ్లీ వెయ్యండి" అన్నాను.

ఆయన వింతగా చూసినా, పీకాడు. గడపలో మొగుడి పెదాలు కదిలాయి. వెనక ఎక్కడో వాన. నేను కుడి చెవి అటు వంచాను.

"ఏమంటున్నాడే?"

"నాకూ వినిపించడం లేదు కదండీ."

"అయినా చెప్పు."

సీను అయిపోయింది. కొట్టాయన మళ్లీ వేసి, తలుపు దగ్గరికేసి వెళ్లాడు. ఆమె సోఫాలో కాస్త ఇటు జరిగింది, అంతే. నేను అలాగే వంగి కూర్చున్నాను.