ఉదయాలు మాస్టారివి

పిన్నిని ఆ ఇంట్లో అందరూ రేడియో అంటారు. ముద్దుకే అంటారు, కాకపోతే ఆ ముద్దులో చిటికెడు విసుగు కలుపుతారు. నిద్రలేచింది మొదలు పడుకునేదాకా ఏదో ఒక స్టేషన్ మోగుతూనే ఉంటుందని, మధ్యమధ్యలో ప్రకటనలు కూడా వస్తాయని ఆవిడ మొగుడు కనబడ్డవాళ్లందరికీ చెబుతాడు. అలాంటి ఆవిడకే పోటీ వచ్చింది, అక్క కూతురు కాలేజీ చదువుకని వచ్చి ఇంట్లో మకాం పెట్టాక.

ఆ పిల్ల చదివేది వ్యవసాయం. అందులోనూ తేనెటీగలు. అన్నానికి కూర్చుంటే చాలు, పెట్టెలు, వాటిలో తుట్టె కట్టే చట్రాలు, రాణి ఈగ వైభోగం. "మగ ఈగలు ఏ పనీ చెయ్యవు బాబాయ్. కూర్చుని తింటాయి. మేత తగ్గిందంటే ఆడ ఈగలన్నీ కలిసి రెక్కలు పట్టుకుని బయటికి ఈడ్చేస్తాయి" అని ఓరోజు చెప్పింది. రెండోసారి వడ్డించుకోబోతున్న బాబాయి గరిటె గిన్నెలో పెట్టేసి, "ఇప్పుడా సంగతి ఎందుకొచ్చింది?" అన్నాడు. పిన్నికి నవ్వీ నవ్వీ పొలమారింది.

ఇప్పుడా పిల్ల మాట్లాడటం లేదు. అడిగితే ఆఁ, ఊఁ. తిని, కంచం కడిగి, గదిలోకి పోతుంది. నెలన్నరగా ఆ ఇంట్లో అన్నాలవేళ గిన్నెల చప్పుడే. పిన్ని తన మాటలతో ఆ ఖాళీని పూడ్చాలని చూసింది గానీ, మధ్యలో అడ్డం తగిలేవాళ్లు లేకపోతే మాట్లాడటంలో రుచేముంది? ఇన్నాళ్లూ తను చెప్పడానికి బతుకుతున్నాననుకుంది. వినడానికి ఇంతగా మొహం వాచిపోతానని ఆవిడకే తెలీదు.

జరిగింది ఇదీ. కాలేజీ వెనక తోటలో తేనెపెట్టెలున్నాయి. వాటిని చూసే ఆయన్ని పెట్టెల మాస్టారంటారు. ఆయన పద్ధతిలో మగపిల్లలు పెట్టెలు తెరుస్తారు, ఆడపిల్లలు సీసాలు కడిగి చీటీలు అంటిస్తారు. "సున్నితమైన చేతులమ్మా మీవి. ఈగ కుడితే మీ నాన్నకి నేనేం జవాబు చెప్పను?" అనేవారు. ఈ పిల్ల ఊరుకోలేదు. పట్టుబట్టి అయిదో నంబరు పెట్టె సంపాదించింది. అప్పట్నుంచీ ఈగలు కుట్టకుండా ఆ పిల్ల వేసుకునే ముసుగు తాళ్లు కట్టే బాధ్యత మాస్టారు కొత్తగా నెత్తికెత్తుకున్నారు. వద్దంటున్నా కట్టేవారు. ముడి పడ్డాక కూడా వేళ్లు మెడమీదే ఉండేవి. ఓరోజు మెడ దగ్గర ఆగలేదు. ఆ సాయంత్రమే పిల్ల ఫిర్యాదు రాసిచ్చింది.

"తేనెతుట్టెను కదిపావు కదే" అని ఫోన్లో వాళ్లమ్మ వణికిపోయింది.

"కదపకుండా తేనె ఎలా తీస్తారమ్మా?" అంది పిల్ల. ఇంట్లోవాళ్లు ఆ నోటినుంచి విన్న ఆఖరి హాస్యం అదే.

కాలేజీవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. వెంటనే ముగ్గురితో కమిటీ వేశారు. లెక్కలు చెప్పే మేడమ్ పెద్ద, పక్కన చరిత్ర మాస్టారు, బయటినుంచి ఒక వకీలమ్మ. సంగతి తేలేదాకా ఇద్దరూ ఎదురుపడకూడదని తోటను చెరిసగం పంచారు. ఉదయాలు మాస్టారివి, ఆయన క్లాసులు అప్పుడే కాబట్టి. సాయంత్రం అయిదు దాటాక పిల్లది. ఆయనకెన్ని గంటలో ఈ పిల్లకీ అన్నే గంటలు. సాక్షాత్తూ లెక్కల మేడమ్ చేసిన పంపకం, తేడా ఎందుకొస్తుంది?

తేడా ఈగల దగ్గరొచ్చింది. పొద్దువాలేసరికి మేతకెళ్లినవన్నీ ఇల్లు చేరతాయి. కిక్కిరిసిన ఇంట్లో ఎవరికైనా చిరాకే. మొదటిరోజు పిల్ల మూత ఎత్తిందో లేదో, ఎడమకన్ను వాచి మూసుకుపోయింది. తర్వాత వెళ్లడం మానేసింది. కల్పించిన సదుపాయాన్ని విద్యార్థిని వినియోగించుకోవడం లేదని కమిటీ రాసుకుంది.

ఒక మధ్యాహ్నం పిన్ని బట్టలు ఆరేయడానికి బాల్కనీలోకొస్తే పిల్ల అక్కడే నిలబడి ఉంది. పూలకుండీ మీద ఒక తేనెటీగ తచ్చాడుతోంది. అది లేచి వెళ్తే, ఏ వైపు వెళ్లిందోనని కమ్మీమీద సగం వంగి చూస్తోంది.

"పడతావే, జాగ్రత్త. ఏంటే నీ బెంగ? ఆ మాస్టారి గొడవేనా?"

"ఆయన గురించి కాదు పిన్నీ. నేను వెళ్లడం మానేసేముందు నా పెట్టెలో కొత్త రాణి పుట్టింది. అది గుడ్లు పెట్టిందో లేదో తెలీదు."

"ఎవరినైనా అడగలేకపోయావా?"

"తోటలోవాళ్లందరూ సాక్షులు. నాతో మాట్లాడొద్దని చెప్పారట."

ఇన్ని మాటలు ఒక్కసారి విని ఎన్నాళ్లయిందో. ఇంకో మాట అడిగితే ఇంకోటి రాలుతుందని ఆశపడింది పిన్ని. రాలలేదు. మర్నాడు రెండు పూలమొక్కలు కొనుక్కొచ్చి, "బాల్కనీ బోసిగా ఉంది" అని మొగుడికి చెప్పింది. ఏ పూలకి ఈగలు ఎక్కువ వస్తాయని కొట్టువాణ్ణి అరగంట సతాయించిన సంగతి మాత్రం చెప్పలేదు.

విచారణకు పిల్ల ఒక తోడును తెచ్చుకోవచ్చన్నారు. తల్లి ఫోనులోనే బెంబేలెత్తిపోతోంది. నోరున్న మనిషి కదా, పిన్నిని పంపుదాం, బలంగా ఉంటుందనుకున్నారు. తీరా చూస్తే అక్కడి నియమం వేరు. తోడొచ్చినవాళ్లు పక్కన కూర్చోవచ్చు, మంచినీళ్లివ్వచ్చు. నోరు మాత్రం మెదపకూడదు. మెదిపితే ఆ రోజు విచారణ రద్దు, మళ్లీ ఎప్పుడో. ఎప్పుడో అంటే పూలకాలం వెళ్లిపోయాక.

బాబాయి ఇది విని పేపరు మడిచి పక్కన పెట్టాడు. "నువ్వా? నోరు మూసుకునా? నన్నూ రానిస్తారేమో అడగవే, సెలవు పెట్టి వస్తాను."

"నవ్వండి. పెళ్లయినప్పట్నుంచీ నేను మింగిన మాటలు మీకేం తెలుసు?"

"మింగినవి కూడా ఉన్నాయా?" అన్నాడాయన, నిజంగానే భయపడుతూ.

విచారణ గదిలో పొడుగు బల్ల, దానికి అటు ముగ్గురు, ఇటు ఇద్దరు, మధ్యలో నీళ్ల జగ్గు. చరిత్ర మాస్టారు పెద్దమనిషి తరహాగా మొదలుపెట్టారు.

"తాళ్లు కట్టడం రక్షణ కోసమే కదమ్మా. అందరికీ కడతారేమో."

పిన్ని నోటిదాకా వచ్చింది. గ్లాసెడు నీళ్లు తాగింది.

"అబ్బాయిల ముసుగులకీ తాళ్లే ఉంటాయి సార్" అంది పిల్ల. "వాళ్లకి చేతులున్నాయని మాస్టారికి తెలుసు. మాకున్నాయని తెలీదు."

వకీలమ్మ ఏదో రాసుకుంది, పెదవి బిగబట్టి.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నారాయన. పిన్ని ఇంకో గ్లాసు తాగింది. "చెబితే పెట్టె తీసేసుకుంటారని" అంది పిల్ల. "అంత ఇష్టమైనదానివి, సాయంత్రాలు ఇస్తే ఎందుకు రావడం లేదు మరి?" అన్నారు. పిన్ని జగ్గు దగ్గరికి లాక్కుంది. ఆ జగ్గు కమిటీ మొత్తానికని ఆవిడకి తట్టలేదు. కాసేపటికి ఆవిడకి ఇంకో అవసరం పడింది. గది దాటి వెళ్లాలంటే అడగాలి, అడగాలంటే నోరు తెరవాలి. కాళ్లు ముడేసుకుని కూర్చుంది.

పిల్ల ఆ ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పలేదు. పిన్నికి జవాబు తెలుసు. ఒక్క ముక్కలో చెప్పగలదు, అరిచి చెప్పగలదు, బల్ల గుద్ది చెప్పగలదు. తన నోట్లో ఉన్న మాటని ఆ పిల్ల నోట్లో పెట్టే దారేదైనా ఉంటే బాగుండునని, చిన్నప్పుడు ముద్ద పెట్టినట్టు పెట్టేద్దునని, ఆ పిల్ల చెంపవైపే చూస్తూ ఉండిపోయింది.

"గుడ్లు కనబడవు మేడమ్" అంది పిల్ల చివరికి.

"ఏంటి?" అంది లెక్కల మేడమ్.

"రాణి పెట్టే గుడ్లు. ఇంతే ఉంటాయి, చిన్న దారప్పోగు ముక్కలా. చట్రం ఎత్తి పట్టుకుని, ఎండ మన వెనకనుంచి భుజం మీదుగా తుట్టె గదుల్లోకి పడితేనే కనబడతాయి. మీరు అయిదు తర్వాత ఇచ్చారు. అప్పుడు ఎండుండదు, ఈగలు తెరవనివ్వవు. మాస్టారిని ఏం చెయ్యాలో మీరు చూసుకోండి, దానికెన్నాళ్లు పట్టినా ఆగుతాను. నా పెట్టె ఆగదు. నాకు పొద్దున్న కావాలి."

"గంటలు సమానంగానే ఇచ్చామే" అంది మేడమ్, ఆశ్చర్యంగా.

"గంటలు సమానమే మేడమ్. ఎండ సమానం కాదు."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇది అడగాలని తమకెవరికీ తట్టలేదని ఆ చూపుల్లో తెలుస్తూనే ఉంది. చరిత్ర మాస్టారు గొంతు సవరించుకుని, "ఆయన క్లాసులన్నీ ఉదయమే..." అని మొదలుపెట్టారు.

"క్లాసులు గదిలో చెప్పుకోవచ్చు" అంది వకీలమ్మ తలెత్తకుండా.

మేడమ్ కలం తీసి పాత పంపకాన్ని కొట్టేసింది. రేపట్నుంచి ఉదయాలు పిల్లవి. అసలు ఫిర్యాదు సంగతి తేలడానికి ఇంకా వాయిదాలున్నాయంది. బయటికి రాగానే పిన్ని ఒక్క మాటైనా అనకుండా పరిగెత్తింది, మరుగుదొడ్డి వైపు.

మర్నాడు తోట కంచె దగ్గర కాపలాదారు పిన్నిని ఆపేశాడు. బయటివాళ్లు లోపలికి రాకూడదు. పిల్ల ముసుగు తనే కట్టుకుంది, తాళ్లు రెండుసార్లు లాగి చూసుకుంది. ఎండ ఏటవాలుగా పడుతోంది. పెట్టెలు వరసగా ఉన్నాయి, ప్రతిదాని మీదా తెల్ల సుద్దతో అంకె. నాలుగు తర్వాత ఇటుకల దిమ్మె ఒకటి ఖాళీగా ఉంది. దాని పక్క పెట్టె మీద ఆరు, ఆ ఆరు కింద కొత్తగా అయిదు.

పిన్నికి అర్థమైంది. బలం లేని పెట్టెని పక్కదాంట్లో కలిపేస్తారని ఈ పిల్లే ఒకప్పుడు అన్నం తింటూ చెప్పింది. ఆ పనిలో అది మామూలే, ఎవరూ తప్పుపట్టలేరు. తప్పుపట్టలేని పనులు చేయడంలో మాస్టారి చెయ్యి తిరిగిందే కదా. కలిపితే ఒక రాణే మిగులుతుంది. ఏది మిగిలిందో.

పిల్ల ఖాళీ దిమ్మె దగ్గర చాలాసేపు నిలబడింది. పిలుద్దామనుకుంది పిన్ని. ఏమని పిలవాలి? ఊరుకోమనా, ఇంకోటి పెట్టుకోవచ్చనా? నిన్నంతా నోట్లోకి తోసుకొచ్చిన మాటల్లో ఇప్పుడు ఒక్కటీ పనికొచ్చేది లేదు. కంచె తీగ పట్టుకుని నిలబడింది.

తర్వాత పిల్ల ఆరో పెట్టె మూత తీసింది. ఈగలు సద్దుమణగడానికి పొగ కొట్టింది. మొదటి చట్రం ఎత్తి, వీపు ఎండవైపు తిప్పి, భుజం మీదుగా వెలుతురు పడేలా పట్టుకుంది. చూసింది, పెట్టేసింది. రెండోది. మూడోదాన్ని పట్టుకుని కదలకుండా ఉండిపోయింది. ఈగలు ముసుగు చుట్టూ ముసురుతున్నాయి. గుడ్లు కనబడ్డాయో, అవి తన రాణివో కాదో, అంత దూరాన్నుంచి పిన్నికెలా తెలుస్తుంది?

ముసుగులోంచి పిల్ల గట్టిగా ఏదో చెప్పింది. "పిన్నీ" అన్నది ఒక్కటే కంచె దాకా వచ్చింది, మిగిలిందంతా ఈగల రొదలో కలిసిపోయింది. పిల్ల మాత్రం ఆపలేదు, చట్రం వైపు వేలు చూపిస్తూ, ఇటు చూడకుండానే, చెప్పుకుంటూ పోతోంది.

పిన్ని కంచెకి చెవి ఆనించి నిలబడింది.