వంతెన దగ్గర ఆగిన మాట

మధ్యాహ్నం చేపల తూకాలు ముగిసి, వలలు ఆరేసి, రేవులో జనం కాళ్లు బారజాపుకునే వేళకి నకిములి వీడియో హాలు తాళం తీసేది. చెక్క గోడలు, రేకుల కప్పు, లోపల వరసగా బల్లలు. రేవు బురదంతా చేప పొలుసులే కాబట్టి ఎవరైనా సరే చెప్పులు గుమ్మం బయటే విడవాలి. ముందు బల్లలు తుడిచేది, తర్వాత సోలారు పలక తీగలు సరిచూసేది, ఆ తర్వాత మూలనున్న చిన్న బల్ల మీద ఒక గ్లాసు అల్లం టీ పెట్టేది. ఆ బల్ల మీద మైకు, దాని వెనక ఒక కుర్చీ. కుర్చీ ఖాళీగానే ఉండేది. అందులోంచే వాళ్ల నాన్న మాట్లాడేవాడు.

నాన్న పేరు లుటాయా. పోయి ఏడాది దాటింది. బతికున్నన్నాళ్లూ లంబు రేవు మొత్తానికి వీజే ఆయనే. తెర మీద చైనావాళ్లో అమెరికావాళ్లో ఏదో మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చుని అదంతా అక్కడి జనం భాష లుగాండాలో మైకులో చెప్పడం ఆయన పని. చెప్పడమంటే ఉన్నదున్నట్టు చెప్పడం కాదు. దొంగలకి రేవు పెద్దమనుషుల పేర్లు పెట్టేవాడు. మహారాణి చేత మటోకే అరటికాయలు ఒలిపించేవాడు. ముద్దుల ఘట్టం వస్తే ఆ ఇద్దరూ పంటినొప్పి గురించి మాట్లాడుకుంటున్నారని తేల్చేసేవాడు. అయితే మొదలెట్టిన సినిమాని మధ్యలో వదిలి లేచే వీజేని అక్కడి జనం మళ్లీ గుమ్మం ఎక్కనివ్వరు. జ్వరమొచ్చినా, కొంప అంటుకున్నా, చివరిదాకా చెప్పాల్సిందే. లుటాయా అన్నీ చివరిదాకా చెప్పాడు, ఒక్కటి తప్ప.

అది ఓ గుడ్డి ముసలాయన, ఆయన కూతురు, వాళ్లని తరుముకొచ్చే కత్తుల మూకల కథ. మధ్యలో లోయ మీద తాళ్ల వంతెన వస్తుంది. కూతురు తండ్రి చెయ్యి పట్టుకుని దాని మీద కాలు పెట్టింది. లుటాయా ముసలాయన గొంతు పెట్టి, "అమ్మాయీ, వంతెన దాటేటప్పుడు..." అన్నాడు. అంతే, మైకు మీదికి వాలిపోయాడు. గుండె ఆగింది. ఆ గందరగోళంలో ఎవరో పెన్‌డ్రైవు ఊడబెరికారు, సినిమా ఫైలు కూడా దెబ్బతింది.

ఆయన్ని ఇంటి వెనక అరటితోటలో పూడ్చారు. కొన్నాళ్లకి నకిములి, ఇక తప్పదు కనక, హాలు తెరిచి ఏదో పోరాటాల సినిమా పెట్టింది. మైకు మీద ఎర్రదీపం వెలిగింది. "ఆ వెనక ఆలస్యంగా వచ్చినాయన, మీ పడవకి చిల్లి పడిందా ఏం?" అంది లుటాయా గొంతు. ఆలస్యంగా వచ్చినాయన నెత్తి గోక్కుంటూ వెళ్లి కూర్చున్నాడు. కథ సాగిపోయింది. అప్పట్నించీ రోజూ అంతే. జనానికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే, వానలు మొదలయ్యాక గొంతు బొంగురుపోతోందని. అందుకే ఆ అల్లం టీ.

ఏ సినిమాలోనైనా వంతెన వచ్చిందంటే మాత్రం ఆయన తడబడేవాడు. "అమ్మాయీ, వంతెన దాటేటప్పుడు..." అని ఆగి, దగ్గి, మళ్లీ అసలు కథలోకి వచ్చేవాడు. నకిములి వంతెనలున్న సినిమాలు తేవడం మానేసింది.

చిక్కల్లా ఇంకొకచోట ఉంది. మనిషి పోయాక చావుని ఇంట్లోంచి సాగనంపే పెద్దకర్మ ఒకటుంటుంది, ఓలుంబే అంటారు. అది జరిగేదాకా ఆ ఇంటి ఆడపిల్లని అడగడానికి ఎవరూ రాకూడదు. రోజూ మైకులో జోకులేస్తున్న మనిషికి పెద్దకర్మ ఎలా చేస్తామని వంశం పెద్దలు చేతులెత్తేశారు. ఈ సంగతి వాళ్ల చెవిన వేసింది మేనత్త నల్వోగా. మేనకోడలి పెళ్లి నడిపించాల్సింది కూడా ఆవిడే.

నడిపించడానికి పెళ్లికొడుకు సిద్ధంగానే ఉన్నాడు. పేరు ముకీబి, ఐసు పెట్టెల లారీలో చేపలు మసాకా పట్నం తీసుకెళతాడు. ఆ రోజు లారీ ఆపి, హాలు గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

"మీ నాన్న నోరు మూస్తేగానీ నాకు పెళ్లి కాదు. ఇలాంటి మామగారు ఇంకెవరికైనా ఉన్నాడా?"

"పోయిన వారం సినిమాలో కూడా నిన్ను దొంగని చేశాడుగా," అంది నకిములి బల్ల తుడుస్తూ.

"దొంగని కాదు. దొంగ ఎక్కిన గుర్రాన్ని."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. కాసేపు మైకు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"ఆల్బర్ట్ సరస్సు వైపు బండి నడపమంటున్నారు. నెలాఖరుకి పోవాలి. పెద్దకర్మకి రోజు పెడితే ఆగుతాను. పెట్టకపోతే మా బాబాయిలు ఇంకో గుమ్మం తొక్కుతారు. ఇప్పటికే చాలాసార్లు ఆపాను, నకిములీ. ఇంక నా మాట వినరు."

ఆమె తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది. ముకీబి అంటే ఆమెకి ప్రాణం. నాన్న గొంతు వినబడని మధ్యాహ్నం ఒకటి ఉంటుందనుకుంటే మాత్రం ఆ ప్రాణం నిలిచేది కాదు.

అతను వెళుతూ జేబులోంచి ఒక పెన్‌డ్రైవు తీసి ఇచ్చాడు. వచ్చినవాళ్లందరి పెన్‌డ్రైవులూ గుచ్చీ గుచ్చీ ఆమె కంప్యూటరుకి వైరసు పట్టి, అంతకు రెండ్రోజుల ముందే చచ్చి ఊరుకుంది. "మసాకాలో కంప్యూటర్ల కుర్రాడు ఇచ్చాడు. లినక్స్ అట. ఊరికే ఇస్తారు, పురుగు పట్టదట. సినిమా ఆడించేది మాత్రం ఇందులో లేదు, నువ్వే దించుకోవాలి."

లినక్స్ ఎక్కించడం నకిములికి కష్టం కాలేదు. చర్చి వాళ్ల శిక్షణలో నేర్చుకున్నది గుర్తుంది. అసలు తంటా మర్నాడు, జనమంతా వచ్చి బల్లల మీద కూర్చున్నాక మొదలైంది. ఫోనులోంచి నెట్ కలిపి, తెర మీద తెరుచుకున్న నల్ల కిటికీలో ఆజ్ఞ టైపు చేసి, సినిమా ప్లేయరు కావాలని అడిగింది. కంప్యూటరు ఇవ్వనంది. నెట్‌లో ప్రోగ్రాములు ఇచ్చేవాళ్ల జాబితాల మీదున్న తేదీ ఇంకా రానే లేదు, రాని రోజుని నేనెలా నమ్మనని దాని మొండితనం.

ఆమె తెర మూలకి చూసింది. గడియారం నిలబెట్టే బొత్తాం బ్యాటరీ ఎప్పుడో అయిపోయినట్టుంది, యంత్రం ఏదో పాత సంవత్సరంలో నిద్రలేచింది. ఆ తేదీ ప్రకారం లుటాయా ఇంకా బతికే ఉన్నాడు. సైకిలు వెనక కిరోసిన్ డబ్బా కట్టుకుని ఈపాటికి మలుపు దగ్గర బెల్లు కొడుతూ ఉంటాడు. నకిములి చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ అంకెల్ని కాసేపు చూస్తూ కూర్చుంది. వెనక నుంచి ఎవరో దగ్గారు. ఆమె ఇవాళ్టి తేదీ తన చేత్తోనే టైపు చేసింది. అప్పుడు జాబితాలు దిగాయి, ప్లేయరు దిగింది. తెర మీద నారింజ రంగు కోను బొమ్మ వచ్చి కూర్చుంది, రోడ్డు పని జరిగేచోట పెడతారే, అలాంటిది.

సినిమా పెడితే శబ్దం వచ్చింది, బొమ్మ రాలేదు. తెరంతా కాటుక. మైకు మీద ఎర్రదీపం వెలిగింది.

"అయ్యలారా, బొమ్మ చూడకుండా కథ చెప్పేంత పెద్దవాణ్ణి నేనింకా కాలేదు," అంది లుటాయా గొంతు బొంగురుగా. "మా అమ్మాయి ఏదో వండుతోంది. ఉడికాక పెడుతుంది."

జనం నవ్వారు. ఆమె తలెత్తలేదు. అమరికల్లోకి వెళ్లి బొమ్మ గీసే పద్ధతుల్ని ఒక్కొక్కటే మార్చి చూసింది. ఒకదానితో బొమ్మ వచ్చింది గానీ ఈసారి శబ్దం పోయింది. ప్లేయరు శబ్దాన్ని తెరలోకి పంపుతోంది, ఆ తెరకేమో స్పీకర్లే లేవు. దారి మార్చి స్పీకరు పెట్టెల్లోకి పంపాక హాలు దద్దరిల్లింది. లుటాయా ఉత్సాహంగా మొదలెట్టాడు.

అందరూ వెళ్లిపోయాక ఆమె అలమరలోంచి వంతెన సినిమా ఉన్న ఆ పాత పెన్‌డ్రైవు తీసి గుచ్చింది. పాత ప్లేయరు ఆ ఫైలుని ముట్టుకుంటే చాలు బిగుసుకుపోయేది. ఈ కోను బిగుసుకోలేదు. నెమ్మదిగా ఒక చిన్న పెట్టె తెరిచి అడిగింది. ఫైలు దెబ్బతిని ఉంది, బాగుచేసి ఆడించనా, ఉన్నదున్నట్టు ఆడించనా, వద్దా? ఆ ఒక్క కథా ముగిస్తే నాన్నకి ఇంక మిగిలిన పనేదీ ఉండదని నకిములికి తెలుసు. వద్దు నొక్కింది.

అప్పుడే మేనత్త నల్వోగా టీ గ్లాసు తీసుకెళ్లడానికి వచ్చింది. పొడుగు గోమెసి గౌను అంచు బురదలో తడవకుండా ఒక చేత్తో ఎత్తి పట్టుకుంది.

"కొత్త యంత్రం బాగా పనిచేస్తోందట?"

"చేస్తోంది, అత్తా."

"ఆ వంతెన సినిమా?"

"అది చెడిపోయింది. ఇంక రాదు."

"పోనీలే," అంది నల్వోగా గబుక్కున. తాగని టీని గుమ్మం పక్కన పారబోసి, గ్లాసు కడగడానికి చాలాసేపు తీసుకుంది.

మరుసటి రోజు నకిములి పెట్టిన సినిమాలో వంతెన ఉందని ఆమెకి తెలియదు. కార్లు వెంటాడుకునే సినిమా అది, అట్ట మీద కూడా కార్లే ఉన్నాయి. ఒక కారు నది మీద వంతెన ఎక్కింది. "అమ్మాయీ, వంతెన దాటేటప్పుడు..." అన్నాడు లుటాయా. దగ్గాడు. "అమ్మాయీ, వంతెన దాటేటప్పుడు..." కారు వంతెన దాటింది, ఊళ్లు దాటింది, పేలిపోయింది కూడా. ఆయన మాత్రం అక్కణ్ణించి కదల్లేదు. గొంతు చీరుకుపోతున్నా అదే మాట, మళ్లీ అదే మాట. జనం తలలు దించుకున్నారు. ఎవరూ లేచి వెళ్లలేదు. ముందు వరసలో ముసలి జాలరి ఒకాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె ప్లగ్గు పీకేసింది.

తిన్నగా మేనత్త ఇంటికి నడిచింది. నల్వోగా పెరట్లో చిన్న చేపలు ఎండలో పరుస్తోంది.

"అత్తా, ఆ సినిమా చెడిపోలేదు."

"తెలుసే."

"ఎలా తెలుసు?"

"నీకు అబద్ధం చెప్పడం చేతకాదు. మీ నాన్నకీ చేతకాదు, మైకు లేకపోతే." నల్వోగా చేపలు పరవడం ఆపలేదు. "పెద్దల దగ్గరకెళ్లి, మా అన్న మాట్లాడుతున్నాడు, కర్మ వద్దని అడ్డుపడింది నేనే. నీకు పెళ్లి కాకూడదని కాదే. వాడి గొంతు పోతే నాకింకెవరున్నారు?"

నకిములి పక్కన కూర్చుని తనూ చేపలు పరిచింది. ఇద్దరూ ఏడిచారు, చేతులు ఆపకుండానే. చాట ఖాళీ అయ్యాక నల్వోగా లేచి చేతులు కడుక్కుంది.

"రేపు పెట్టు. అల్లం నేను దంచుకొస్తాను. పాపం వాడి గొంతు అరిగిపోయింది."

ఏ సినిమానో ఆమె ఎవరికీ చెప్పలేదు, అయినా రేవంతా వచ్చింది. గుమ్మం బయట చెప్పులు మెట్లు దాటి దారిలోకి పరుచుకున్నాయి. ముకీబి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నల్వోగా వేడి టీ గ్లాసు మైకు పక్కన పెట్టి, కుర్చీకి దగ్గరగా నేల మీద చాప వేసుకుంది. నకిములి పెన్‌డ్రైవు గుచ్చింది. కోను మళ్లీ అదే అడిగింది. ఆమె ఈసారి బాగుచెయ్యమంది. సన్నని గీత ఒకటి తెర మీద మెల్లమెల్లగా నిండుతుంటే హాల్లో ఈగ రొద వినబడింది. గీత నిండాక, ఆమె బొమ్మని లోయ దగ్గరికి జరిపింది.

కూతురు తండ్రి చెయ్యి పట్టుకుని తాళ్ల మీద కాలు పెట్టింది. ఎర్రదీపం వెలిగింది.

"అమ్మాయీ, వంతెన దాటేటప్పుడు," అంది గొంతు. ఆగింది. దగ్గలేదు. "నా చెయ్యి వదిలెయ్యి. ఇది ఇద్దర్ని మొయ్యదు."

నకిములికి ఇంగ్లీషు చదవడం వచ్చు. తెర కింద రాసున్న మాట వేరు. నా చెయ్యి గట్టిగా పట్టుకో అని ఉంది అక్కడ. తెర మీద కూతురు గట్టిగానే పట్టుకుంది. తాడు తెగింది. చేతులు కాసేపు పెనుగులాడాయి, తర్వాత జారిపోయాయి. ముసలాయన పొగమంచులోకి పడిపోయాడు. పడేటప్పుడు లుటాయా ఏమీ అనలేదు.

ఆ తర్వాత ఇంకా బోలెడు యుద్ధం ఉంది. దాన్నంతా ఆయన హుషారుగా చెప్పాడు, గొంతు తేటపడింది. కత్తుల మూకకి నాయకుడు రేవులో తూకం మోసం చేసేవాళ్లలో ఒకడయ్యాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. ఆఖరున కూతురు లోయ అంచున మోకరిల్లి ఏదో గొణిగింది. ఏటేటా ఇక్కడికొచ్చి నీ దగ్గరే కూర్చుంటాను నాన్నా అని రాసుంది కింద.

"ఏమంటోందయ్యా పిల్ల?" అని ఎవరో అడిగారు.

"ఏమీ అనట్లేదు. ఆకలేస్తోందట," అన్నాడు లుటాయా. "పొద్దున్నించి ఏం తిన్లేదు పాపం. తిండి వెతుక్కుంటూ పోతోంది, పోనివ్వండి."

నవ్వినవాళ్లు నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. తెర మీద పేర్లు పైకి పాకాయి. ఆయన ప్రతి సినిమా చివరా చెప్పే మాటే చెప్పాడు. "చెప్పులు చూసుకుని వేసుకోండి. మీవే వేసుకోండి, పక్కవాళ్లవి కరుస్తాయి." ఎర్రదీపం ఆరింది. నల్వోగా చెయ్యి చాచి గ్లాసు అందుకుంది. అందులో టీ లేదు.

పెద్దలు ఆ వారంలోనే పెద్దకర్మకి రోజు పెట్టారు. ముకీబి బాబాయిలు ఎక్కడికీ పోలేదు. అరటాకు పందిళ్లలో చావుని సాగనంపారు, ఆ వెనకే పెళ్లివాళ్లు బుట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చారు. ఆల్బర్ట్ సరస్సుకి వెళ్లే రోజు, ముకీబి లారీలో సామాను సర్దుతుండగా, హాలు తాళం మేనత్తకి ఇచ్చేముందు నకిములి ఒక్కసారి లోపలికెళ్లింది.

కంప్యూటరు పెట్టింది. మధ్యలో ఆపిన సినిమాని మళ్లీ పెడితే ఆ కోను ఒక మాట అడుగుతుంది, నిన్న ఆగినచోటి నుంచి మొదలెట్టనా అని. అది ఆమెకిప్పుడు అలవాటే. ఆమె వంతెన సినిమా నొక్కింది. అడిగితే అవునందామని వేలు మీట మీదే పెట్టుకుని కూర్చుంది.

అది అడగలేదు. మొదట్నించి మొదలెట్టింది. తెర మీద తండ్రీకూతుళ్లు చైనా భాషలో మాట్లాడుకున్నారు. ఎర్రదీపం వెలగలేదు. ఆమె కాసేపు చూసి, కింద రాసున్నవి చదవబుద్ధి కాక, ఆపేసింది.

గుమ్మం బయట ఒకే ఒక్క జత చెప్పులున్నాయి. అయినా నకిములి వంగి, తనవేనా కాదా అని చూసుకుని వేసుకుంది.