కిశోర్ చావని శుక్రవారాలు

ఈ హిందీ నవలలు రాసేవాళ్ళు ఎదురుపడితే నాలుగు చివాట్లు పెట్టాలని నాకు ఎప్పటినుంచో ఉంది. ఉద్యోగం పోతే చావు, ప్రేమించిన పిల్ల కాదంటే చావు, ఏమీ తోచకపోయినా చావే. పైగా పోయేముందు పన్నెండు పేజీల ఉత్తరం ఒకటి.

నేను ఇమ్మానియేలును. ఒమాన్‌లో సమాయిల్ రోడ్డు వేసే కంపెనీలో కాంపౌండర్ని. భీమవరంలో హిందీ పరీక్షలు పాసైన పాపానికి, శుక్రవారం భోజనాలయ్యాక రూమ్‌లో అందరికీ నవల చదివి తెలుగులో చెప్పడం కూడా నా డ్యూటీ అయింది. అప్పుడు చదువుతున్న నవలలో కిశోర్ అనే ఢిల్లీ గుమాస్తాకు భార్య పోయింది. ఆ దిగులుతో ఆఖరి పేజీలో ఉత్తరం రాసిపెట్టి ప్రాణం తీసుకుంటాడు.

వినేవాళ్ళలో జగిత్యాల వైపు తాపీమేస్త్రి పెద్దులు ఉన్నాడు. భార్య కనకవ్వ పోయిన కబురు అతనికి ఇరవై రోజుల తర్వాత అందింది. అప్పటినుంచి సరిగా తినడు, ఎవరితోనూ మాట్లాడడు. ఆ ఆఖరి పేజీ అతని ముందు చదవాలంటే నాకు భయం వేసింది.

అందుకని పేజీ చూస్తూనే అబద్ధం చదివాను. కిశోర్ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని టీ తాగడానికి వెళ్ళాడన్నాను.

"మల్ల?" అన్నాడు పెద్దులు. నెల రోజుల్లో అతను నోరు విప్పడం అదే మొదలు.

"వచ్చే శుక్రవారం చెప్తాను," అన్నాను.

ఇక నా తిప్పలు చూడాలి. అయిపోయిన నవలను మూడు నెలలు చదివాను. కిశోర్‌కు ఓ చెల్లెల్ని పుట్టించి పెళ్ళి చేశాను. మరచిపోయి మళ్ళీ చేశాను.

"సారూ, ఆ పిల్లకు మొన్ననే లగ్గమాయె గద," అన్నాడు పెద్దులు. రూమంతా నవ్వింది.

చివరికి ఏమీ తోచక కిశోర్‌కు వీసా ఇప్పించి మస్కట్‌లో దించి, సిమెంటు మోయించాను.

అంతలో పెద్దులును వేరే సైట్‌కు మార్చారు. వెళ్ళేరోజు నా దగ్గరికి వచ్చాడు.

"గా పుస్తకం నాకియ్యి సారూ."

"నీకెందుకయ్యా?" అన్నాను.

"కిశోర్ సచ్చిపోయిన సంగతి నాకెరికే. నువ్వు డ్యూటీల ఉన్నప్పుడు హిందీ అచ్చిన స్టోర్‌కీపర్ జహీరుద్దీన్‌తోని సదివించుకున్న. రెండో శుక్రారమే."

నాకు సిగ్గేసింది. "తెలిసీ ఎందుకు వచ్చేవాడివి?"

"నాకు గూడ కిశోర్ లెక్కనే అనిపించేది సారూ. మల్ల శుక్రారం దాక ఆగుదాం, ఈసారి గాయన్ను ఎట్ల బతికిస్తవో సూద్దాం అనుకునేటోన్ని. గట్లనే ఇన్ని దినాలు ఎల్లినయ్."

నాకు ఏడుపొచ్చింది. పుస్తకం అతని చేతిలో పెట్టాను.

"అక్కడోళ్ళకు గూడ సదివి ఇనిపిస్త," అన్నాడు.

"నీకు అక్షరం ముక్క రాదు కదయ్యా."

"నువ్వు మాత్రం అండ్ల రాసింది సదివినవా?" అన్నాడు పెద్దులు.