సాక్ష్యం తర్వాత డబ్బా

రాజోల్లో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పుకునే మా ఆయన జాయ్‌బాబుకి జీతం చాలడం లేదన్నది నిజమే. ఎవరికి చాలుతోంది గనక? పక్కవాళ్ళు పచ్చళ్ళు పెట్టి అమ్ముతున్నారు, ట్యూషన్లు చెబుతున్నారు. ఈయనకి అవన్నీ నామోషీ. ఫోన్లో ఎవడో టై కట్టుకున్నవాడు ‘ఖాళీ టైములో నెలకి యాభై వేలు’ అన్నాడట, మర్నాటికల్లా ఈయన ఆరోగ్యం పొడి డబ్బాలు నలభై ఇంట్లో దింపాడు. మన బంగారం మంచిదైతే కదా, ఆ టైవాణ్ణి అనడానికి.

అమ్మడం ఎక్కడ? మా సంఘంలో ప్రతి శుక్రవారం ఒక్కో ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకుంటాం. పాటలయ్యాక దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి సాక్ష్యం చెబుతారు. ఈ మహానుభావుడు లేచి, తన మోకాలి నొప్పి ఎలా పోయిందో కళ్ళు మూసుకుని చెప్పాడు. అందరూ స్తోత్రం అన్నారు. అప్పుడు సంచిలోంచి డబ్బా తీశాడు. ఆయనకి మోకాలి నొప్పి ఎప్పుడొచ్చిందో కట్టుకున్నదాన్ని, నాకే తెలియదు.

మొదటి వారం మొహమాటానికి ఆరుగురు కొన్నారు. రెండో వారం, మీరూ అమ్మండి, మీ కింద ఇంకో ఇద్దర్ని చేర్చండి అని మొదలెట్టాడు. మూడు నెలలు తిరిగేసరికి ఈయన ఎవరి గేటు తీసినా లోపల గడియలు పడేవి. సిగ్గులేని ముఖానికి నవ్వే సింగారం. “బిజినెస్సులో ఇదంతా మామూలే షైనీ” అనేవాడు.

ఇంతలో మా అత్తగారు దానమ్మగారికి గుండె ఆపరేషన్ అన్నారు. సోమవారం ఆసుపత్రికి వెళ్ళాలి.

“ఈ శుక్రవారం మనింట్లో కూటం పెట్టించమ్మా” అని నన్నడిగారు. “అందరూ నా తల మీద చెయ్యేసి ప్రార్థన చేస్తే ధైర్యంగా వెళ్తాను.”

చాపలు పరిచాం, టీ కాచాం. పాస్టరుగారు ఒక్కరే వచ్చారు. అరగంట చూసి, వెనకింటి బుజ్జమ్మగారికి ఫోన్ చేశాను. స్పీకర్లో పెట్టడం నా బుద్ధి తక్కువ.

“వద్దామనే ఉందమ్మా. మీ ఆయన ఇంట్లోనే ఉన్నారా?”

“ఆయ్, ఉన్నారండి.”

“అయితే ఇంకోసారి వస్తాంలేమ్మా.”

అత్తగారు విన్నారు. కొడుకుని దగ్గరికి పిలిచారు.

“ఓ గంట మలికిపురం వెళ్ళిరా నాన్నా.”

“నేనూ ప్రార్థన చేస్తానమ్మా.”

“నువ్వుంటే ఎవరూ రారురా.”

ఆయన మొహం మాడిపోయింది. అబద్ధమెందుకు, నాకూ జాలేసింది. అంతలోనే, ఎలాగూ వెళ్తున్నాను కదా అని రెండు డబ్బాలు సంచిలో వేసుకుని బండి తీశాడు. ఛీ, ఏం మనిషి అనుకున్నాను.

అత్తగారే ఇంటింటికీ ఫోన్ చేశారు. “మావోడు ఇంట్లో లేడండి, మలికిపురం వెళ్ళేడు. రండి” అని అందరికీ అదే మాట చెప్పారు. పావుగంటలో ఇల్లు నిండిపోయింది. అందరూ ఆవిడ తల మీద చేతులుంచి ప్రార్థన చేస్తుంటే ఆవిడ వెక్కివెక్కి ఏడ్చారు.

“ఆపరేషనంటే భయమమ్మా, మరేం లేదు” అన్నారు బుజ్జమ్మగారు నా చెవిలో.

భయం కాదు. కన్నకొడుకుని గడప దాటిస్తే గాని, తన ప్రాణం కోసం దేవుణ్ణి అడగడానికి నలుగురు మనుషులు రాలేదని ఆ తల్లి ఏడ్చింది.