పల్లీలు రాని ఇల్లు

చిన్న మంగళారం ఊళ్లో పల్లీలు గడప దాటని ఇల్లు ఒక్కటే, అది కవిత అత్తగారిల్లు. మైసమ్మకు మొక్కట. శంకర్‌పల్లిలో పల్లిచట్నీ లేనిదే ఇడ్లీ ముట్టకుండా పెరిగిన కవితకు ఆ మొక్కంటే మొదటినుంచీ ఒళ్లుమంట. దేవతకు పల్లీలతో ఏం పగ ఉందో అని భర్త సందీప్ దగ్గర వెక్కిరించేది కూడా.

కొడుకుకు ఆరో నెల వచ్చింది. బుగ్గల మీద, మోచేతుల మడతల్లో ఎర్రగా దురద. ఇంట్లో ఎవరికైనా తిండి పడకపోవడం గానీ, ఆయాసం గానీ ఉన్నాయా అని మొయినాబాద్ పిల్లల డాక్టరమ్మ అడిగితే, ఎవరికీ లేవన్నాడు సందీప్. పక్కనే ఉన్న అతని తల్లి గోపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కవిత చూసింది గానీ పట్టించుకోలేదు. పుట్టింట్లో అన్నం ముట్టించే రోజు వాడి నాలుకకు ఇంత పల్లిచట్నీ రాయాలని అప్పటికే తల్లితో ఫోన్లో అనుకుంది. అత్తగారి మొక్కు పుట్టింట్లో చెల్లదు కదా మరి!

ఆ రోజు పుట్టింటికని బాబునెత్తుకుని ఆటో ఎక్కబోతుంటే గోపమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, ఆడ పల్లీలు పెట్టకు. సందీప్ కంటె ముందు నాకొక కొడుకుండె. పాండు. రెండేండ్లోడు. జాతరల పల్లిపట్టి కొనిపెట్టిన. జరసేపటికే మూతి ఉబ్బి, ఊపిరాడక నా ఒళ్లెనే పోయిండు."

నైవేద్యం పెట్టకముందే పిల్లవాడికి తినిపించిందని, అందుకే మైసమ్మకు కోపమొచ్చిందని గోపమ్మ వాళ్లత్త తేల్చేసిందట. ఆనాటి నుంచి ఇంట్లోకి పల్లీలు రాలేదు. పాండు పేరూ ఎవరూ ఎత్తలేదు. తనకొక అన్న ఉండేవాడని సందీప్‌కే తెలియదు.

శంకర్‌పల్లి వెళ్లాల్సిన ఆటోను కవిత మొయినాబాద్ మళ్లించి, అత్తను కూడా ఎక్కించుకుంది. డాక్టరమ్మ అంతా విని పరీక్ష చేసింది. పల్లి సారం చుక్క వేసి గీరిన చోట బాబు చేతిమీద దద్దు లేచింది. ఇలాంటివి ఒక్కోసారి కుటుంబంలో దిగుతుంటాయని, వాడికి పల్లీలు తగలనివ్వొద్దని చెప్పింది. నాలుకకు రాసి ఉంటేనో అనుకుంటూ కవిత బాబును గట్టిగా హత్తుకుంది.

గోపమ్మ ఒక్కటే అడిగింది.

"అయితే మా పాండును నా పాపం మింగలే గదా, డాక్టరమ్మా?"

"లేదమ్మా. అది ఎవరి తప్పూ కాదు."

గోపమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది. ఇన్నేళ్లూ ఎవరి ముందూ ఏడవనిది. ఈమె మొక్కునా తాను వెక్కిరించింది అనుకుంటూ కవిత బాబును తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది.

"పాండు బావ పుణ్యాన వీడు నాకు దక్కిండు, అత్తమ్మా."

పోయిన ఆ పసివాణ్ని ఒకరు వరస కలిపి పిలవడం అదే మొదలు.