పనికొస్తుంది, ఉండనీ

ఆ ఇంట్లో బాత్రూం తలుపు పూర్తిగా తెరుచుకోదు. తలుపు వెనక ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఉంది. ఫ్రిజ్ ఎప్పుడో పోయింది, పెట్టె మాత్రం ఆరోగ్యంగా ఉంది. లోపలికి వెళ్లాలంటే మనిషి పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చి, జారాలి. కాస్త ఒళ్లు చేసిన చుట్టాలు ఆ ఇంటికి వస్తే మంచినీళ్లు కూడా తాగరు.

"ఆ పెట్టె తీసేద్దామండీ," అని ఇల్లాలు అన్నప్పుడల్లా ఆయనది ఒకటే జవాబు.

"పనికొస్తుంది, ఉండనీ."

ఆయన బస్సు డిపోలో స్టోర్‌కీపర్‌గా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలాడు గానీ స్టోరు వదల్లేదు. అటక మీద మూతల్లేని సీసాలున్నాయి, సీసాల్లేని మూతలున్నాయి, ఇవి వాటికి పట్టవు. వీధిలో అందరూ ఆయన్ని 'పనికొస్తుంది గారు' అంటారు. ఆవిడ కూడా విసుగెత్తినప్పుడు అలాగే అంటుంది, గారు లేకుండా.

అలాంటి మనిషికి దగ్గు పట్టుకుంది. పట్టుకున్నదాన్ని వదిలే అలవాటు లేదు కాబట్టి దగ్గునీ వదల్లేదు. సాయంత్రమయ్యేసరికి జ్వరం, చొక్కాలు వదులు. చివరికి డాక్టరు ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పెట్టి, ఊపిరితిత్తి పైకొస మీద తెల్లటి మచ్చ చూపించి, టీబీ అన్నాడు. ఆరు నెలలు మాత్రలు మింగాలి, మధ్యలో ఆపకూడదు.

ఇంటికి వస్తూ ఆస్పత్రి మెట్ల మీదే మొగుడూ పెళ్లాలిద్దరూ ఒక మాట అనుకున్నారు. ఎవరైనా అడిగితే డస్ట్ ఎలర్జీ అని చెప్పాలి. ఆ ఇల్లు చూసినవాళ్లెవరూ దాన్ని అనుమానించలేదు.

మాత్రలిచ్చిన నర్సు ముందే హెచ్చరించింది. "మూత్రం, చెమట, కన్నీళ్లు కాస్త నారింజ రంగులో వస్తాయి. కంగారు పడకండి. మందు పనిచేస్తోందని అనుకోండి."

సబ్బుతో పాటు ఉచితంగా ఏదో ఇచ్చినంత సంతోషించాడాయన. పొద్దున్నే ఉల్లిపాయలు కోసిపెట్టడం ఆ ఇంట్లో ఆయన పని. ఇప్పుడు కోసినంతసేపూ కళ్లు తుడుచుకుని, నారింజ మరకలు పడ్డ తెల్ల జేబురుమాలు తెచ్చి పెళ్లానికి చూపించేవాడు. ఆవిడ ఒక చేత్తో పొయ్యి చూసుకుంటూ, రెండో చేత్తో అది అందుకుని బకెట్లో వేసేది. మరక కనిపించిన రోజు ఆవిడకి కూర రుచిగా కుదిరేది.

కొన్ని వారాలకి జ్వరం పోయింది, ఆకలి వచ్చింది. ఒక ఆదివారం కూతురు వచ్చింది. లాబొరేటరీలో క్రిములకీ, ఒంట్లోని రక్షక కణాలకీ జరిగే గొడవల్ని గమనించడం ఆ పిల్ల ఉద్యోగం. ఇంట్లో అమ్మానాన్నల గొడవలు చూసి పెరగడంతో ఆ పని తనకి కొత్తగా అనిపించలేదంటుంది.

"క్రిమి లోపలికి రాగానే మన కణం ఒకటి వచ్చి దాన్ని మింగేస్తుంది నాన్నా," అని చెప్పింది. "మింగి, ఆమ్లం పోసి అరిగించేయాలి. మామూలు బాక్టీరియా అయితే అంతటితో సరి. ఇది అలా కాదు. ఆమ్లం దగ్గరికి రాకుండా లోపలి నుంచి గడియ పెట్టుకుంటుంది."

"అంటే పట్టుకున్న పోలీసు ఇంట్లోనే కాపురం పెడుతుందా?"

"పెట్టి పిల్లల్ని కూడా కంటుంది."

"అద్దె ఇస్తుందా?" అని అడిగింది తల్లి.

"ఇవ్వదమ్మా. పైగా ఆయన అన్నమే తింటుంది. ఇక చంపలేమని తెలిశాక మిగతా కణాలు చుట్టూ చేరి గోడ కట్టేస్తాయి. లోపల అది పడుకుంటుంది. ఏళ్లకేళ్లు. మనిషికి తెలియను కూడా తెలియదు. పెద్దవయసొచ్చి, షుగరొచ్చి, కాపలావాళ్లు నీరసపడ్డాక గోడ బీటలు వారుతుంది."

ఆయన ముఖం వెలిగిపోయింది. పెళ్లాం వైపు తిరిగాడు. "విన్నావా? పారేయలేక మూటకట్టి అటక మీద పెట్టింది ఒళ్లు. ఒంటికే ఆ బుద్ధి ఉంటే నన్నంటావేం?"

"చివరికి మీదపడిందిగా," అంది ఆవిడ.

కూతురు నవ్వి, నవ్వు ఆపి అడిగింది. "చిన్నప్పుడు ఇంట్లో ఎవరికైనా ఉండేదా నాన్నా? చాలాసార్లు అప్పుడే వచ్చి పడుకుంటుంది. కచ్చితంగా చెప్పలేం అనుకో."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "మా అక్కకి ఉండేది," అన్నాడు.

ఆ అక్క ఆయన్ని చంకలో వేసుకుని పెంచింది. పెళ్లి వయసు రాకముందే పోయింది. ఆవిడ ఫోటో కూడా లేదు. అన్నీ దాచే మనిషి దగ్గర అక్కది ఒక్క వస్తువు లేదు.

ఆ మర్నాటి నుంచి జేబురుమాలు తెల్లగా వస్తోంది.

మొదటిరోజు ఉల్లిపాయలు ఘాటుగా లేవేమో అనుకుందావిడ. మరుసటి రోజు తనే ఒకటి కోసి చూసింది. కళ్లు ధారలు కట్టాయి. తడి కళ్లతోనే వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది.

"మాత్రలేవీ?"

ఆయన అబద్ధమాడలేదు. లేచి, దగ్గుబిళ్లలు వచ్చిన రేకుడబ్బా తెచ్చి మూత తీశాడు. మాత్రలన్నీ అందులో వరసగా పేర్చి ఉన్నాయి. స్టోర్‌కీపరు కదా.

"మీకేమైనా మతి పోయిందా? మధ్యలో ఆపితే అది మళ్లీ లేస్తుంది, తర్వాత ఈ మందుకి లొంగకపోవచ్చు అని చిలక్కి చెప్పినట్టు చెప్పిందిగా పిల్ల. మనిషి దక్కడు అని కూడా చెప్పింది."

"తెలుసే."

"తెలిసీ?"

ఆయన డబ్బా మూత తీస్తూ పెడుతూ అన్నాడు. "అక్కది నా దగ్గర ఇదొక్కటే ఉంది. ఇన్నాళ్లూ ఉందని కూడా తెలీదు. తెలిసిన మర్నాడే చంపెయ్యమంటే ఎలాగే?"

ఆవిడకి తిట్టాలనిపించింది. తిట్లు నోటిదాకా వచ్చాయి కూడా. సీసాల్లేని మూతలు దాచేవాడని తెలిసే కాపురం చేస్తోంది, కానీ ఇది ఊహించలేదు. పక్కన కూర్చుంది.

"మీ అక్క మీకు అన్నం పెట్టేదా?"

"తనే పెట్టేది. కథలు చెప్తూ. కానీ తన కంచం మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు. నేను ఏడ్చేవాణ్ణి, పిసినారి అని తిట్టేవాణ్ణి. తన గ్లాసు కూడా ఎక్కడో పై గూట్లో పెట్టేసేది."

"ఎత్తుకున్నప్పుడు దగ్గొస్తే?"

"మొహం అటు తిప్పేసుకునేది. మెడ నొప్పెట్టేలా తిప్పేది పాపం, నేను ఈ చంకలో ఉంటే ఆ భుజం మీదుగా..." అని ఆగిపోయాడు.

గోడగడియారం టిక్కుటిక్కుమంటోంది. అది సరైన టైము చూపించి చాలా ఏళ్లయింది.

"మీకు అన్నీ ఇచ్చిందండీ," అంది మెల్లగా. "ఇదొక్కటే ఇవ్వకూడదనుకుంది. కంచం దాచుకుంది, గ్లాసు దాచుకుంది, మొహం తిప్పుకుంది. అయినా తనకి తెలియకుండా వచ్చేసింది. దాన్ని పట్టుకుని అక్కది అంటారేంటి?"

ఆయన డబ్బాలోంచి ఆ పూట మాత్రలు తీసుకున్నాడు. ఆవిడ నీళ్లిచ్చింది. మింగాడు. వెంటనే ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లి ఆపిన సంగతి చెప్పి, చీవాట్లు తిని వచ్చారు.

సాయంత్రం ఆవిడ బట్టలు తడుపుతుంటే చేతికి జేబురుమాలు తగిలింది. నారింజ మరకలతో నిండిపోయి ఉంది. ఆ పూట ఇంట్లో ఉల్లిపాయలే లేవు.

నెలలు గడిచి మందులు పూర్తయ్యాయి. డాక్టరు కొత్త ఎక్స్‌రే చూసి, జబ్బు నయమైందన్నాడు. గోడ కట్టిన చోట చిన్న మచ్చ మాత్రం ఉంటుంది, అది పోదు, దానివల్ల భయం లేదు అన్నాడు.

"పోదా?" అని రెండుసార్లు అడిగాడాయన. ఇంటికొచ్చి, ఎవరూ చెప్పకుండానే, బాత్రూం తలుపు వెనక పెట్టె తీసి బయట పారేశాడు. ఆవిడ తలుపు పూర్తిగా తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూసుకుంది.

ఆ సంతోషం అట్టే నిలవలేదు. ఆయన ఆ ఎక్స్‌రేకి ఫ్రేము కట్టించుకొచ్చాడు. హాల్లో, సోఫాకి ఎదురుగా, మేకు కూడా కొట్టేశాడు. "మా అక్క ఫోటో లేదు కదే," అంటున్నాడు. వద్దనడానికి ఆవిడకి నోరు రావడం లేదు. చూస్తుంటే ఆ మచ్చ మీద ఆవిడకీ కాస్త ప్రేమ పుడుతోంది.

కానీ వీధిలో అందరికీ డస్ట్ ఎలర్జీ అని చెప్పి ఉన్నారు. రేపు పక్కింటివాళ్లు కాఫీకి వస్తున్నారు. గోడ మీద ఆ పక్కటెముకలు చూసి ఎవరివని అడక్కుండా ఉండరు. ఆడపడుచు అని చెప్పాలా, మొగుడని చెప్పాలా? ఆవిడ పొద్దుట్నుంచీ తల పట్టుకుని కూర్చుంది. అయ్యా, అమ్మా, ఇంత ఓపిగ్గా చదివారు, మీ ఇళ్లలోనూ ఇలాంటివాళ్లు ఉండే ఉంటారు. పుణ్యముంటుంది, ఆవిడ ఏం చెప్పాలో కాస్త మీరే చెప్పండి. వాళ్లు త్వరగా వచ్చే రకం.